పాస్‌వర్డ్ టీకి వెళ్లింది!

భిలాయిలో టీచర్లు డిజిటల్ బోర్డు నేర్చుకుంటున్నారు. ఒంటిగా కాదండోయ్, జట్లు జట్లుగా!

జట్టుకు ఐదుగురు. ఒకరి చేతిలో రిమోట్. అందులో బ్యాటరీలున్నాయా అని అడగడానికి ఇంకొకరు. హాజరు వేయడానికో మేడమ్. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికో మాస్టారు. ఐదో ఆయన టీకి వెళ్లారు. పాస్‌వర్డ్ ఆయనొక్కరికే తెలుసు.

బోర్డు మీద నిన్న ఎవరో పర్మనెంట్ మార్కర్‌తో రాసిన 'స్వాగతం' ఇంకా చెరగలేదు. తడిగుడ్డ తెమ్మని అటెండర్‌ను పంపారు.

1959లో రష్యావాళ్లు పక్కన నిలబడి చెబితే బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించిన ఊరిది. భాష వేరైనా ఇనుము కరిగింది. ఇప్పుడు 130 మీటర్ల రైలు పట్టాను ఒకే ముక్కగా తీస్తోంది. ప్రొజెక్టర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం వైరు అరమీటరు తక్కువ!

టీచర్‌కు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అందులో లాగిన్‌కు ఎన్ని గంటలో రాయడం మరిచింది, పాపం.

ఇంతలో నీళ్లసీసా కోసం వచ్చిన ఆరో తరగతి బుడతడు బోర్డు వెనక్కి వంగి ఏదో మీట నొక్కాడు. బోర్డు వెలిగింది. బయటికి పొమ్మన్నారు, శిక్షణ జరుగుతోందని.

సర్టిఫికెట్లు ఐదుగురికీ వచ్చాయి. టీకి వెళ్లినాయనతో సహా.