చలి ఇంటికా, ఒంటికా?

విజయనగరంలో చలికాలం ఎప్పుడు మొదలవుతుందో వాతావరణ శాఖకన్నా మా అమ్మకే బాగా తెలుసు. పైడితల్లమ్మ సిరిమాను తిరిగిన కొద్దిరోజులకే కుళాయి కింద చెయ్యి పెట్టి, "నీళ్లు కొరికేస్తన్నాయి" అని తీర్పు చెప్పేస్తుంది. అప్పటికి మధ్యాహ్నం రోడ్డెక్కితే చెమటలు కారుతూనే ఉంటాయి. ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ మాటకొస్తే మా వైపు ఫ్యాను సంక్రాంతికీ ఆగదు. దోమల కోసం ఫ్యాను, ఫ్యాను కోసం దుప్పటి.

మా అప్ప కొడుకు అమెరికాలో మినియాపోలిస్‌లో ఇల్లు కొన్నాడు. గృహప్రవేశం అయిన దగ్గర్నుంచి వాడు ఫోన్లో చెప్పే కబుర్లన్నీ ఆ ఇంటి అడుగునున్న ఫర్నేసు గురించే. గ్యాసుతో గాలిని వేడిచేసి గొట్టాల్లోంచి గదిగదికీ పంపిస్తుందట. రెండు మూడు నెలలకోసారి దాని ఫిల్టరు మార్చాలి. చలి ముదరకముందే మనిషిని పిలిచి చూపించాలి. పొగగొట్టం మూసుకుపోతే ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతుంది కాబట్టి అలారం పెట్టుకోవాలి. ఫర్నేసు ముసలిదైపోతే హీట్ పంపు వేయించాలా, మళ్లీ ఫర్నేసే వేయించాలా అన్నది అక్కడ భార్యాభర్తలు కూచుని తేల్చుకోవలసిన సంగతి. నాన్నగారు రిటైరైన సైన్సు మాస్టారు. అంతా శ్రద్ధగా విన్నారు.

"ఇంట్లో ఎంతమంది ఉంటార్రా?"

"ఇద్దరం తాతయ్యా."

"గదులు?"

"అయిదు."

"ఇద్దరు మనుషుల కోసం అయిదు గదులు కాస్తున్నారా? రగ్గు కప్పుకోకూడదురా?"

బయట మైనస్ ఇరవై అని వాడు చెప్పబోయాడు. నాన్నగారు వినలేదు. చలి వేసేది ఒంటికి గాని ఇంటికి కాదని ఆయన సిద్ధాంతం. ఒళ్లు కాచుకోవడానికి ఇల్లు కాయనక్కర్లేదు, ఒక బకెట్టు నీళ్లు కాస్తే చాలు. ఉత్తరాంధ్రలో హీటింగంటే ఇంతే మరి. ఇంతే అంటాను గాని, అందులో వాడి ఫర్నేసుకున్నన్ని బాధలూ ఉన్నాయి.

మా మామ్మ కాలంలో పెరట్లో రాగి బాయిలరు ఉండేది. నడుమ నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్లు. పైన ఒక చెంబు చన్నీళ్లు పోస్తేనే పక్కనుంచి ఒక చెంబు వేన్నీళ్లు వచ్చేవి. ఇవ్వకుండా పుచ్చుకోవడం కుదరదు. నీళ్లు పొయ్యకుండా నిప్పేస్తే అతుకులు కరిగి కారడం మొదలయ్యేది. సోంపేటలో ఉన్న చుట్టాలు వచ్చినప్పుడల్లా కొబ్బరి డొక్కలు బస్సు మీద వేసి తెచ్చేవారు. పలాస నుంచి జీడిపిక్కల తొక్కలు చవగ్గా దొరుకుతాయని ఎవరైనా అంటే మాత్రం మామ్మ ఊరుకునేది కాదు. ఆ తొక్కలో నూనె చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, పొయ్యిలో వేస్తే నల్లటి పొగ వీధి చివరిదాకా పోతుంది. బాయిలరు సర్వీసింగు పండగలకి చింతపండూ బూడిదా పెట్టి తోమడం. థర్మోస్టాటు మామ్మ చూపుడువేలు.

ఆ బాయిలరు తర్వాత సోంపేటలో అప్ప వాళ్లింటి అటక ఎక్కింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మళ్లీ దిగింది. కరెంటు స్తంభాలు వరసగా పడుకున్నాయి. గోడ మీద కొత్త గీజరు అలంకారానికి మిగిలింది. తోటలో పడిపోయిన కొబ్బరిచెట్లు చూసి బావ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ చెట్ల మట్టలతోనే, కరెంటొచ్చేదాకా, ఆ వీధి వీధంతా మా మామ్మ బాయిలరు దగ్గర నీళ్లు కాచుకుంది.

మధ్యలో రాడ్డు యుగం ఒకటి నడిచింది. బకెట్లో రాడ్డు వేలాడదీసి స్విచ్చి వేయగానే నాన్నగారు "కరెంటు! కరెంటు!" అని ఇల్లంతా వినబడేలా అరిచేవారు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, పీకిన ప్లగ్గు అందరికీ చూపించాకే బకెట్టు ముట్టుకోనిచ్చేవారు. మేం నవ్వేవాళ్లం గాని, రాడ్డుతో బతికి బట్టకట్టాలంటే అదొక్కటే దారి. నీళ్లు కాగాయా లేదా అని వేలు పెట్టి చూసేవాళ్లకి రాడ్డు రెండో అవకాశం ఇవ్వదు.

తర్వాత గీజరొచ్చింది. దాంతోపాటు లెక్కలొచ్చాయి. ఇరవై అయిదు లీటర్ల నీళ్లని ఇరవై అయిదు డిగ్రీల నుంచి అరవైకి తేవాలంటే ఒక యూనిట్ ఖర్చవుతుందని నాన్నగారు కాలెండరు వెనక లెక్క కట్టారు. మా ఇంటికి రోజుకి మూడు ట్యాంకులు కావాలి. అంటే నెలకి తొంభై యూనిట్లు. ఈపీడీసీఎల్ వారి 2022 నాటి శ్లాబులు ఆయనకి కంఠతా వచ్చు. 126 నుంచి 225 దాకా యూనిట్ ఆరు రూపాయలు, ఆ పైన 400 దాకా ఎనిమిది రూపాయల డెబ్బై అయిదు పైసలు. గీజరు కాకుండా ఇల్లు రెండు వందల యూనిట్లు కాలుస్తుంటే, ఈ తొంభైలో మొదటి పాతిక ఆరు రూపాయల్లో పడుతుంది, మిగతా అరవై అయిదూ ఎనిమిది డెబ్బై అయిదులో. మొత్తం 719 రూపాయలు, మిగతా చార్జీలు వేరే. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరైనా అయిదు నిమిషాలు ఎక్కువ స్నానం చేస్తే, "ఎనిమిది డెబ్బై అయిదులో ఉన్నావు" అని తలుపవతల్నుంచి వినబడుతుంది.

ఇంకో సంస్కరణ కూడా ఆయనదే. గీజరు మరను డెబ్బై అయిదు నుంచి యాభై అయిదుకి తిప్పేశారు. మరిగించిన నీళ్లలో మళ్లీ చన్నీళ్లు కలుపుకోవడానికి అంత కాచడం ఎందుకని ఆయన వాదన. నాకు నచ్చింది. పైగా మా బోరునీళ్లలో సున్నం ఎక్కువ. నీళ్లు ఎంత మరిగితే అంత తొందరగా లోపలి కాయిలుకి తెల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన కాయిలు ముందు ఆ పెచ్చుని కాచి, ఆ తర్వాత నీళ్ల సంగతి చూస్తుంది.

ఆ పెచ్చు తీయించడానికి పిలిస్తే వచ్చిన కుర్రాడు లోపల్నుంచి పుచ్చిపోయిన ఊసొకటి బయటికి లాగాడు.

"ఇది మెగ్నీషియం ఊస బావూ. నీళ్లు దీన్ని తినీసి టాంకీని ఒగ్గీసినాయి. ఇది అయిపోనాదంటే రేపు టాంకీనే తినీస్తాయి. ఏడాదికో రెండేళ్లకో మార్చీయాల."

"ఇంటికి పెద్దకొడుకంటే ఇలా ఉండాలి" అని నాన్నగారు నావైపు చూశారు.

కుర్రాడు చేతిలో పని ముగించుకుని పై వాటాకి కూడా ఎక్కి చూశాడు. అక్కడ అద్దెకున్నాయన గీజరు కింది వాల్వు నుంచి బొట్లు కారుతున్నాయని దానికి ఎంసీల్ మెత్తి, బాగుచేశానని సంతోషంగా ఉన్నాడు. కుర్రాడికి చెమటలు పట్టాయి.

"కాగితే నీళ్లు ఉబ్బుతాయి సారూ. ఆ ఉబ్బు ఎల్లడానికే ఈ దారి. దీన్ని మూసీసినారంటే గీజరు గోడ ఒగ్గీసి మీ మీదకొచ్చీద్ది."

అదే ఊపులో అద్దెకున్నాయన గ్యాసు గీజరు మాట ఎత్తాడు. సిలిండరుతో క్షణాల్లో నీళ్లు కాగుతాయట, స్నానాల గదిలోనే బిగిస్తారట. నాన్నగారు పాఠం అందుకున్నారు. 1868లో లండన్‌లో బెంజమిన్ మాగన్ అనే పెయింటరు గ్యాసుతో నీళ్లు కాచే యంత్రం కనిపెట్టి గీజరని పేరు పెట్టాడు. పొగ పోయే గొట్టం మాత్రం పెట్టలేదు. తలుపులు మూసిన బాత్రూములో ఆ లోటుకి ప్రాణం చెల్లించవలసి వస్తుంది. పెట్టుకుంటే గోడ అవతల, గాలాడేచోట పెట్టుకోమన్నారు.

ఇక మిగిలింది సోలారు. గంటస్తంభం దగ్గర షాపులో అడిగాం. వంద లీటర్ల ట్యాంకు, వరసగా గాజు గొట్టాలు. మా వైపు డిసెంబరు ఎండకి కొదవలేదు, సాయంత్రానికి నీళ్లు కాగిపోతాయి, తెల్లారేదాకా వేడి నిలుస్తుంది. చిక్కల్లా మేడ మీంచి కిందికి దిగే పైపుల్లో రాత్రంతా చల్లారిన నీళ్లు. అవి బకెట్లోకి వదిలితే గాని వేడివి రావు. "ఆ చన్నీళ్లు పారబొయ్యకండి, అంట్లకి పనికొస్తాయి" అని అమ్మ అప్పుడే షాపువాడికి హామీ ఇచ్చేసింది. తుపాన్ల ఊరు గనక స్టాండుని గట్టిగా బిగించాలి. కోతుల సంగతి అడిగితే షాపువాడు మాట మార్చాడు. సోలారు ఇంకా ఆలోచనలోనే ఉంది.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు వచ్చాడు. మంచులో బతికేవాడు కదా, మా చలి వాడికి ఒక లెక్కా అనుకున్నాం. భోగి ముందురోజు రాత్రి స్వెట్టరు మీద స్వెట్టరేసుకుని గజగజలాడుతూ వచ్చి నా పక్కలో కూచున్నాడు.

"మావయ్యా, మా ఇంట్లో ఇంత చలి ఉండదు!"

నిజమే మరి. మా ఇళ్లు ఎండాకాలాన్ని తట్టుకోడానికి కట్టినవి. వెంటిలేటర్లకి తలుపులుండవు. బయట పదిహేడుంటే లోపలా పదిహేడే. "మనది దాపరికం లేని ఇల్లురా" అన్నారు నాన్నగారు.

మర్నాడు తెల్లారకుండానే అందరూ ఒంటికి నూనె రాసుకుని తలంట్లకి వరసలో నిలబడితే, వాడు లోపల దూరి షవరు తిప్పాడు. అక్కడి అలవాటు. ట్యాంకు ఖాళీ. మళ్లీ కాగేదాకా ఆగి మళ్లీ తిప్పాడు. అవతల అమ్మా, అప్పా, పిల్లలూ నూనె కారుతూ నిలబడ్డారు. చివరికి వీధిలో భోగిమంట మీద కాగుతో నీళ్లు పెట్టించి అమ్మ అందరికీ తలంట్లు పోసింది. నాన్నగారు మాత్రం మీటరు దగ్గర్నుంచి కదల్లేదు.

వాడున్నన్ని రోజులూ గీజరుకి విశ్రాంతి లేదు. ఫిబ్రవరిలో బిల్లొచ్చింది. నాన్నగారు దాన్ని ఫొటో తీయించి, ఎనిమిది డెబ్బై అయిదు దగ్గర ఎర్ర సిరాతో గీత గీయించి, వాట్సాప్‌లో మినియాపోలిస్‌కి పంపించారు. వాడు జవాబు రాయలేదు. తన జనవరి గ్యాసు బిల్లు రూపాయల్లోకి మార్చి తిరుగుటపాలో పంపాడు. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఫోను అమ్మకిచ్చి, "పిల్లాడికి మనమే నెలనెలా ఏదైనా పంపాలేమోనే" అన్నారు.