‘ఇంకాస్త సౌండు పెంచు’ – టీకా తాత్పర్య సహితము

మూలము: “ఒరే అబ్బయా, ఇంకాస్త సౌండు పెంచు. పక్కూరికి ఇనపడాల.”

అవతారిక: మార్కాపురము మొదలు గిద్దలూరు వఱకు గల పడమటి ప్రకాశము పల్లెలలో తిరునాళ్ళయందును, శ్రీరామనవమి పందిళ్ళయందును, పెండ్లిండ్లయందును తప్పక వినబడునదియు, కర్త యెవ్వరో తెలియనిదియు, ఊరికొక పాఠాంతరము గలదియు నగు నీ మహావాక్యమునకు పూర్వు లెవ్వరును వ్యాఖ్య రచింపకపోవుట సారస్వతమునకు దీరని లోటని తలంచి యీ ప్రయత్నమునకు గడంగితిని. మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసిన మల్లినాథసూరి మన కోలాచలమువాడే. ఆ మహనీయుని ప్రతిజ్ఞలో మొదటి సగమును శిరసావహింతును. రెండవ సగమును పాలింప నాకు శక్తి చాలదు.

ప్రతిపదార్థము: ‘ఒరే’, ‘అబ్బయా’ – స్పష్టములు. వక్త ఉత్సవ కమిటీ పెద్ద. సంబోధింపబడువాడు మైకుసెట్టు కుఱ్ఱవాడు. వేపచెట్టున గట్టిన హారన్ల నోళ్ళు ఊరివంకకును, వక్తగారి కుర్చీ ఆ హారన్ల వీపువెనుకను ఉండుట సంప్రదాయము. హారను ముందునకు జిమ్మినంత వెనుకకు జిమ్మదు గావున, ఊరి చెవులు చిల్లులు పడుచున్న వేళను ఆయనకు ధ్వని మందముగనే తోచును.

‘ఇంకాస్త’ – ఇచట గొంత విచారము కర్తవ్యము. ఈ యాజ్ఞను పలుమాఱులు విని విసిగిన మైకుసెట్టు యజమాని, తన పాత వాల్వు ఆంప్లిఫయరును మోసికొనిపోయి రేడియో మెకానిక్కు ముందఱ బెట్టి, “గెయిను పెంచిపెట్టు” మనును. ఆ పెట్టెలో ముందువరుసను నిలుచునది ఈసీసీ83 అను చిన్న వాల్వు. అమెరికావారి లెక్కలో దానిపేరు 12ఏఎక్స్7. దాని ప్రవర్ధన గుణకము 100. అయినను, ప్లేటునకు లక్ష ఓములును, కాథోడునకు 1500 ఓములును రెసిస్టర్లు వేసి యూరకున్నచో వచ్చిన ధ్వనిసంకేతము సుమారు 30 రెట్లు మాత్రమే పెరుగును. కాథోడు రెసిస్టరున కడ్డముగా 25 మైక్రోఫారడుల కండెన్సరు నతికినచో 60 రెట్లగును. ఇది మొదటి యుపాయము. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరునుండి వెనుకకు దిరిగివచ్చు ఫీడ్‌బ్యాక్ తీగను గత్తిరించుట రెండవది. స్విచ్చి కట్టిన పిమ్మటను 400 వోల్టులను గడుపులో దాచుకొనియుండు ఫిల్టరు కండెన్సర్లు చేతికి దగులకున్నచో రెండును సులభసాధ్యములే.

కాని గెయిను వేఱు, బలము వేఱు. చివరవరుసలోని ఈఎల్34 వాల్వుల జంట, తనకు లభించు వోల్టేజిని బట్టి, 35 నుండి 50 వాట్ల వఱకు నీయగలదు. ముందువరుస యెంత యఱచినను ఆ జంట తన కప్పును దాటి యెదుగజాలదు. తరంగ శిఖరములు కప్పునకు దాకి చదునగును. వాట్లు రెట్టింపైనచో గలుగునది 3 డెసిబెళ్ళ వృద్ధి. చెవికి రెట్టింపుగా దోపవలెనన్న 10 డెసిబెళ్ళు, అనగా పదిరెట్ల వాట్లు, కావలయును. 50 వాట్ల పెట్టెను 500 వాట్ల పెట్టెగా జేయు కండెన్సరు ఇంతవఱకు ఏ యంగడిలోను దొరకలేదు.

ఆ కత్తిరింపబడిన ఫీడ్‌బ్యాక్ తీగ యెవ్వరి తపఃఫలమో చెప్పక ముందునకు బోజాలను. 1927 ఆగస్టు 2వ తేది యుదయమున హెరాల్డ్ బ్లాక్ అను బెల్ ప్రయోగశాల యింజనీరు హడ్సన్ నదిపై పడవలో గొలువునకు బోవుచుండెను. దూరపు టెలిఫోను తీగల మార్గమున ఆంప్లిఫయరు వెనుక ఆంప్లిఫయరు నిలుపగా, ఒక్కొక్కటి చేయు వికారము పేరుకొని, తుదకు మాట మాటగా మిగులకుండుట ఆయన చింత. పెంచిన సంకేతమునుండి గొంత వెనుకకు మఱలించి మొదటిదానిలోనుండి తీసివేసినచో, గెయిను తగ్గినను వికారము నణగునని యాయనకు నడినీట దోచెను. చేతనున్న వార్తాపత్రిక పుటపైననే పటము గీసెను. పేటెంటు 1937లో గాని రాలేదు. పెంపును వదలుకొని నిర్మలత్వమును గొనుట యనునది పెద్దలకు నమ్మశక్యము గాని బేరమైయుండును. మన మెకానిక్కు పటకారుతో ఒక్క కొఱుకున ఆ బేరమును రద్దుచేయుచున్నాడు.

గిటారు వాయించు పాశ్చాత్యుల యెడ నీ వికారము దోషము గాదని పూర్వపక్షము. సత్యమే. ఫెండరువారి బాస్‌మన్ పెట్టెను బట్టి జిమ్ మార్షల్ లండనులో 1960ల యారంభమున జేయించిన పెట్టెలలో, తరంగముల తల తెగుటయే రసమైనది. ఆ బొంగురునాదము కొఱకే వారు గెయినును పెంచుకొందురు. అయినను వారియందొక మర్యాద గలదు. 1975లో వచ్చిన మార్షల్ 2203 నమూనాలో ‘మాస్టర్ వాల్యూము’ అను రెండవ మర యున్నది. ముందు మరతో నాదమును యథేచ్ఛగా జెఱచికొని, ఈ మరతో దానిని దమ గదికి సరిపడునట్లు తగ్గించుకొందురు. మన పెట్టెలకును వాల్యూము మర గలదు. అది యెడమవైపునకును దిరుగునను సంగతి పరిశోధకులు తేల్చవలసియున్నది.

మనది గిటారు గాదు, పద్యము. బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకములో కాటిసీను ఆడునప్పుడు జాషువా పద్యములు పాడుట ఆనవాయితీ. ఆ కవి జన్మించిన వినుకొండ, మార్కాపురము రోడ్డు స్టేషనునుండి గుంటూరు రైలెక్కినచో దారిలోనే తగులును. మైకు లేనినాడు నటులు హార్మోనియమును హెచ్చుశ్రుతికి బెట్టి, కట్టకడపటి చాపపై గూర్చున్న ముసలమ్మకును అక్షర మక్షరము వినబడ బాడిరి. రాగము సాగదీసినను, “వన్స్ మోర్” అన్నచో చచ్చిన పాత్ర లేచి మరల బాడినను, మాట మాత్రము చెడలేదు. ఇప్పుడా హార్మోనియమును ఆ గొంతును తల తెగిన యొకే తరంగములో బడి, రెండింటియందును లేని మూడవ నాదములను గనుచున్నవి. శ్మశానమును గూర్చిన యంతటి పద్యము, మార్కాపురము పలకపై వ్రాసినదానిని తడిగుడ్డతో దుడిచినట్లు చెదరిపోవుచున్నది. నాలుగు మైళ్ళు నడిచివచ్చిన శ్రోత బుఱ్ఱునను మ్రోతను విని యింటికి బోవలెనా? నాకు గలిగిన కోపమిదియే; తక్కినదంతయు వ్యాఖ్యానము.

‘పక్కూరికి’ – దూరము రెట్టింపైన కొలది ధ్వని 6 డెసిబెళ్ళు తగ్గును. అనగా ఒక మైలు పోవు మ్రోతను రెండు మైళ్ళు పంపవలెనన్న నాలుగురెట్ల వాట్లు కావలయును. ఇంత వ్యయమునకు ఫలమేమనగా, ప్రక్కయూరివారు తమ తిరునాళ్ళకు నాలుగు హారన్లు అధికముగ దెచ్చుట.

‘ఇనపడాల’ – ఎవ్వరికి? చైత్రమాసపు టుత్సవములనాడే పదవ తరగతి పిల్లలు పరీక్షలకు జదువుకొనుచుందురు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములను బట్టి రాత్రి 10 మొదలు ఉదయము 6 గంటల వఱకు లౌడుస్పీకరు కూడదు. పండుగలకై ప్రభుత్వము సడలింపదలచినను అర్ధరాత్రి వఱకే, అదియు సంవత్సరమునకు 15 దినములకు మించరాదు. నివాసస్థలముల రాత్రిపరిమితి 45 డెసిబెళ్ళు. ఈ సంఖ్యను నేనొక కమిటీ పెద్దకు విన్నవింపగా, “మన సెట్టు అంతకన్నా ఎక్కువే ఇస్తదిలే” యని యభయమిచ్చెను.

తాత్పర్యము: సుగమము.

పాఠాంతరము: ‘పెంచు’ అనుచోట ‘తగ్గించు’ అని యొక పాఠము గలదందురు. నేను వినిన యే తిరునాళ్ళలోను అది కానరాలేదు గావున, ప్రక్షిప్తమని విడిచితిని.