తలకెక్కిన దీపం

నేను క్యాప్ ల్యాంపును. గోదావరిఖనిలో ఒక ఇన్‌క్లైన్ బొగ్గు బాయిలో పనిచేసినదాన్ని. తలకెక్కి కూర్చున్నదని నన్ను పొగరుబోతు కింద జమకట్టకండి. టోపీ మీద కనిపించేది నా మొహం ఒక్కటే, బరువంతా మనిషి నడుముకే. అక్కడ బెల్టుకు వేలాడే రెండు కిలోల పైచిలుకు బ్యాటరీ నా పొట్ట. అందులో సీసం పలకలు, ఆమ్లం, నాలుగు వోల్టుల కరెంటు. మొహంలో ఒక పెద్ద వెలుగు, అది మాడిపోతే బయటికి దారి చూపడానికి ఒక చిన్న వెలుగు. ఏ ఫ్యాక్టరీలో ఎలా పుట్టానో చెప్పి విసిగించను. నా బతుకంతా ల్యాంప్ రూముకీ బొగ్గు పొరకీ మధ్యనే గడిచింది.

వంశం గురించి మాత్రం రెండు మాటలు చెప్పుకోవాలి. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నటి లోహపు జాలీ చుట్టి చేసిన దీపం మా తాత. గనిలో మీథేన్ ఉన్నా మంట జాలీ దాటి అంటుకోదు. పేలుళ్ల నుంచి కాపాడాడు గానీ ఆయన చూపు మందం. ఆ మసక వెలుగులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల కనుగుడ్లు నిలకడ లేకుండా కదలాడేవి. నిస్టాగ్మస్ అన్నారు ఆ జబ్బును. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఎడిసన్ బ్యాటరీతో తలకు పెట్టుకునే కరెంటు దీపం వచ్చింది. గనుల్లో వెలుగు పెరిగినకొద్దీ ఆ కళ్ల జబ్బు తగ్గిపోయింది. మా కులానికి ఇంతకంటే పెద్ద బిరుదు అక్కర్లేదు.

ఎల్లందులో 1889లో మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకం 1960 ప్రాంతంలో ఈ గోదావరి ఒడ్డుకు చేరింది. పల్లెల్లో నాగలి పట్టినవాళ్లు వచ్చి ఇక్కడ తట్టా, చెమ్మస్ అనే పారా పట్టారు. నన్ను ఎక్కువకాలం మోసిన కాకా కూడా అలా వచ్చిన ఫిల్లరే. నా నంబరే ఆయన నంబరు. జోడీతో కలిసి బొగ్గు టబ్బులు నింపేవాడు. చీకట్లో ఆ ఇద్దరికీ ఒకరి ల్యాంపే ఇంకొకరి ఆచూకీ. నా వెలుగు అడ్డంగా ఊగితే దూరంగా ఉన్నవాడు అక్కడే ఆగిపోయేవాడు. ఎదురుగా నిలబడి మాట్లాడాలంటే నా వెలుగు అవతలివాడి కళ్లలో పొడుచుకుంటుంది. అందుకని తల కొంచెం పక్కకు తిప్పి మాట్లాడుకునేవాళ్లు. చెవి మాత్రం ఎదుటివాడి వైపే ఉండేది. అలా మాట్లాడితే మాట బాగా వినబడుతుందన్నది నేను కనిపెట్టిన సంగతి.

దుమ్మును నాకన్నా దగ్గరగా చూసినవాళ్లు లేరు. నా వెలుగులో మిలమిల తిరిగేది పెద్ద దుమ్ము. అది ముక్కులోనో గొంతులోనో ఆగి నల్లటి తెమడై బయటపడుతుంది. అయిదు మైక్రాన్లకన్నా సన్నటిది కంటికి ఆనదు. నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు పోయి కాపురం పెడుతుంది. ఏళ్లు గడిచాక ఆయాసమై లేస్తుంది. డాక్టర్లు న్యుమోకోనియోసిస్ అంటారు. చట్టం దాన్ని గని జబ్బుగా గుర్తించి, అయిదేళ్లకోసారి కార్మికులను పరీక్ష చేయాలని చెప్పింది. అయితే ఎక్స్‌రే ఫిల్ము కన్నా ముందు జోడీకి తెలిసేది.

"ఏందే, రెండు తట్టలకే కూసుంటున్నవ్?"

"ఏం లేదే, జర దమ్ము తీసుకుంటున్న."

"నిన్న గూడ గట్లనే అన్నవ్. రేపు దవఖానకు పోవాలె, నేనొస్త."

ఆ మాటలు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. నేను విన్నాను.

ఇక నా కోపతాపాలు. షిఫ్టు అయిపోగానే కేబుల్ పట్టుకుని, తోక పట్టిన ఎలుకలా నన్ను ఆడించుకుంటూ వచ్చేవాడొకడు. టోపీకి తగిలించడానికి బద్ధకించి మెడలో వేసుకుని తిరిగేవాడొకడు. పొట్టలో నీళ్లు తగ్గితే చెప్పడానికి నాకు నోరా? డిస్టిల్డ్ వాటర్ పోయాల్సిన మనిషి "రేపు చూద్దాంలే" అంటే ఎన్ని రేపులు గడిచేవో! మూత సరిగా బిగించని రోజున ఆమ్లం కారి ప్యాంటుకు చిల్లులు పడేవి, నడుం మీద తోలు పొక్కేది. తప్పు చేసింది చెయ్యి, తిట్లు తిన్నది నేను.

అయినా ల్యాంప్ రూములో నాకొక గౌరవం ఉండేది. షిఫ్టు మారేవేళ అక్కడి అన్న గూళ్ల వరసంతా కళ్లతో తడిమేవాడు. ఒక గూడు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. "ఈ నంబరోడు ఇంక ఎక్కలేదా? వాని జోడీ ఏడి?" అని కేకేసేవాడు. చాలాసార్లు ఆ మనిషి టబ్బు పట్టాలు తప్పో, దారిలో కబుర్ల మీద పడో ఆలస్యంగా వచ్చి నాలుగు చీవాట్లు తినేవాడు. ప్రతిసారీ అంత సులువుగా తీరేది కాదు. 2003 జూన్ 16న మా పొరుగున ఏడో ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది ప్రాణాలు పోయాయి. అలాంటి రోజున బాయి దగ్గరికి పరుగెత్తుకొచ్చిన ఇల్లాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేరు.

తర్వాత యంత్రాలు దిగాయి. బొగ్గు ఎత్తే ఎస్డీఎల్‌లు తట్టా చెమ్మస్‌ను మూలకు తోశాయి. అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్రం వచ్చింది. నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. యంత్రాల మీద నాకు కక్ష లేదు. కాకా నడుం అరిగినట్టు ఆయన కొడుకు నడుం అరగకూడదు. కానీ ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపే ఆ కొడుకు రాత్రంతా క్యాబిన్‌లో ఒంటరి. అతనికి దమ్ము ఆగితే అడిగే జోడీ లేదు. కూర్చున్నచోటే ఉద్యోగం, పగటి నిద్ర, ఇంటిల్లిపాదీ లేచి తిరిగే వేళకు ఇతను పడక. బీపీ, షుగర్లు నా వెలుగుకు దొరికే జబ్బులు కావు.

సెల్‌ఫోను వచ్చాక జరిగిన చిత్రం చెబుతాను. బీడీ, అగ్గిపెట్టెల్లాగే ఫోనునూ బాయిలోకి పోనివ్వరు. నిప్పురవ్వ భయం. దాంతో లోపల ఆ ఎనిమిది గంటలూ మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు. టిఫిన్ డబ్బాలు మధ్యలో పెట్టి బిడ్డ పెళ్లి అప్పు, అల్లుడి అలక అన్నీ తవ్విపోసుకునేవాళ్లు. పైకొచ్చి స్నానం చేశాక చూడాలి, పక్కపక్కనే బెంచీ మీద కూర్చుని ఎవరి ఫోను వాళ్లది. నా వెలుగు ఎప్పుడూ ఎదుటివాడి మీద పడేది. ఆ ఫోను వెలుగు పట్టుకున్నవాడి మొహం మీదే పడుతుంది.

చివరికి ఎల్‌ఈడీ పిల్లలు వచ్చారు. లిథియం పొట్ట, పిడికెడు బరువు, కారడానికి ఆమ్లం లేదు. కార్మికుడి నడుముకు మంచిదే, ఒప్పుకుంటాను. మమ్మల్ని మాత్రం గూళ్లలోంచి లాగి షెడ్డు వెనకాల కుప్ప పోశారు. వానకు తడిశాం, ఎండకు పగిలాం. ఒక కుక్క నా కేబుల్ నమిలి, రుచించక వదిలేసింది. తుక్కు కొనేవాడు వచ్చినా అతని కన్ను నా పొట్ట మీదే. సీసానికి ధర ఉంది, మొహానికి లేదు. అతనికి నాదొక మనవి. పెరట్లో పగలగొట్టకు నాయనా. సీసం పసిపిల్లల ఒంట్లో చేరితే బుర్ర ఎదగదు. బతికినన్నాళ్లూ కళ్లు కాపాడినదాన్ని, పోయేటప్పుడు ఆ పాపం నాకు చుట్టకు.

ఇప్పుడు హాజరుకు వేలు పెడితే యంత్రం పట్టేస్తుంది. చేతి గడియారం గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది. సంతోషం, లెక్కలు పెరగడం మంచిదే. అయితే లెక్క చూశాక "వాడింక ఎందుకు రాలే?" అని లేచి అడగాల్సింది మనిషి. ఆ పని ఇంతవరకు ఏ దీపమూ చేయలేదు, నేనూ చేయలేదు. ల్యాంప్ రూము అన్న చేశాడు, కాకా జోడీ చేశాడు. నన్ను తుక్కుకు వేసినా నాకు పట్టింపు లేదు గానీ, షిఫ్టు దిగగానే పక్కవాణ్ని ఒక మాట అడిగే ఆ అలవాటును మాత్రం నాతోపాటు వేలం వేయకండి.