సబ్బాత్ సారు

రామగుండం థర్మల్ విద్యుత్ కేంద్రం ఉద్యోగులుండే జ్యోతినగర్ టౌన్‌షిప్‌లో కొన్ని రకాల మనుషులు క్వార్టర్లతో పాటే అలాట్ అవుతారు. షటిల్ కోర్టు తాళం జేబులో వేసుకుని తిరిగే ఆయన ఒకరు. వినాయక చవితి చందా పుస్తకాన్ని ఏడాది పొడుగునా చంక దించని ఆయన ఇంకొకరు. హోమియో గుళికలు ఉచితంగానూ, సలహాలు బలవంతంగానూ పంచే ఆయన మరొకరు. వీళ్లందరినీ తట్టుకుని బతుకుతున్న కాలనీకి దేవుడు అదనంగా ప్రసాదించిన రకం సబ్బాత్ సారు.

ఆయన్ని గుర్తుపట్టడం సులువు. వయసు అరవైకి దగ్గరపడింది. జుట్టు సగానికి తగ్గింది, ఉన్న సగం మాత్రం మెడ దాకా దిగింది. ఒంటి మీద నల్ల టీషర్టు. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటి, టీవీలవాళ్లు రామగుండం పేరు తలుచుకునే రోజుల్లోనూ అదే నల్ల టీషర్టు. ఉతికి ఉతికి అది యాష్ పాండ్ రంగుకొచ్చింది. దాని మీద రాసిన బ్యాండు పేరులో ‘బ్లా’ ఒక్కటే మిగిలింది. మిగతాది ఆయన నోటితో చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు.

ఆ పేరు బ్లాక్ సబ్బాత్. 1968లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, ఆస్టన్ అనే కార్మికవాడలో పెరిగిన నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టిన బ్యాండు. పాడేది ఓజీ ఆస్‌బోర్న్, గిటార్ టోనీ అయోమీ, బేస్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్. హెవీ మెటల్ అనే సంగీతానికి పునాది వీళ్లే వేశారని లోకం ఒప్పుకుంటుంది. సారుకు లోకం ఒప్పుకుంటే చాలదు, రాజీవ్ రహదారి పక్కన టీ కొట్టాయన కూడా ఒప్పుకోవాలి.

“బర్మింగ్‌హామ్ అంటే ఏడుంటది సారూ?” అని ఆయన ఓసారి నోరు జారాడు.

“ఇంగ్లండుల గోదావరిఖని అనుకో,” అన్నాడు సారు. “ఓజీ వాళ్ల నాయినది నైట్ షిఫ్టు, అమ్మది పొద్దటి పని. ఓజీ ఫ్యాక్టరీల కార్ల హారన్లు సరిచూసే పని చేసిండు. కొన్నాళ్లు కబేళాల చేసిండు. అసొంటోడు పాడిండు.”

టీ కొట్టాయన రెండో టీ డబ్బులు తీసుకోలేదు. ఆ రోజు నుంచి సారు అక్కడే తాగుతున్నాడు.

ఈ భక్తి వరంగల్ ఆర్ఈసీ హాస్టల్లో పట్టింది. ఆ కాలంలో ఆర్ఈసీల్లో సగం సీట్లు బయటి రాష్ట్రాలవాళ్లకు ఉండేవి. అలా షిల్లాంగ్ కుర్రాడూ హుజూరాబాద్ కుర్రాడూ ఒకే గదిలో పడ్డారు. షిల్లాంగ్ అతను సర్వపిండి తినడం నేర్చుకున్నాడు. మన సారు ‘పారనాయిడ్’ వినడం నేర్చుకున్నాడు. ఇద్దరిలో ఎవరు బాగుపడ్డారన్నది సారు ఇంట్లో ఇంకా తేలలేదు.

చదువవగానే ట్రెయినీగా రామగుండం వచ్చాడు. ఇక్కడ మొదటి 200 మెగావాట్ల యూనిట్ మొదలైన సంవత్సరం 1983. డీప్ పర్పుల్ గాయకుడు ఇయాన్ గిల్లన్ బ్లాక్ సబ్బాత్‌తో ‘బార్న్ అగెయిన్’ ఆల్బమ్ పాడిందీ ఆ ఏడాదే. ఈ రెంటికీ సంబంధం లేదని పై అధికారులు చెప్పినా ఆయన నమ్మలేదు.

బ్యాండు చరిత్రను ఆయన సర్వీసు రికార్డు భాషలోనే చెబుతాడు. ఓజీకి తాగుడు, మత్తుమందుల కారణంగా 1979లో టర్మినేషన్. ఆ స్థానంలో రోనీ జేమ్స్ డియో డైరెక్ట్ రిక్రూట్‌మెంట్. 1980లో ‘హెవెన్ అండ్ హెల్’తో ప్రొబేషన్ విజయవంతంగా ముగించాడు. గిల్లన్ వచ్చింది డెప్యుటేషన్ మీద. ఒక్క ఆల్బమ్ చేసి మాతృసంస్థకు తిరిగి వెళ్లిపోయాడు. మొదటి రోజు నుంచి 2017లో చివరి టూరు ముగిసేదాకా ట్రాన్స్‌ఫర్ ఎరగనివాడు అయోమీ ఒక్కడే. “మొదట్లో కొన్నాళ్లు జెత్రో టల్ బ్యాండుకు పోయొచ్చిండు గదా?” అని ఎవరైనా ఇంటర్నెట్ చూసి వచ్చి గుచ్చితే, “అది టూర్ మీద పోయిండు, టీఏ డీఏ కిందికొస్తది,” అని ఫైలు మూసేస్తాడు.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన కథ స్టోన్‌హెంజ్‌ది. గిల్లన్ ఉన్న రోజుల్లో స్టేజీ మీద, ఇంగ్లండులోని ప్రాచీన స్టోన్‌హెంజ్ లాంటి రాతి స్తంభాల సెట్ పెట్టాలనుకున్నారు. అడుగుల్లో అనుకున్న కొలతను కట్టేవాళ్లు మీటర్లలో తీసుకున్నారనీ, స్తంభాలు ఏ హాల్లోనూ పట్టలేదనీ బ్యాండువాళ్లే చెప్పుకుంటారు. కొత్త ఇంజనీర్లకు ట్రెయినింగ్‌లో సారు మొదటి పాఠం ఇదే. డ్రాయింగ్ మీద యూనిట్లు రాయనివాడిని ఆయన నేటికీ “ఏం స్టోన్‌హెంజ్?” అని పలకరిస్తాడు. అలా పిలిపించుకున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు పెద్ద పదవుల్లోకి వెళ్లారు. ఇంటి ప్లాను గీయించుకునేటప్పుడు కూడా వాళ్లు ‘అడుగులు’ అని పక్కన రాయిస్తారట.

ఆయన ఉద్యోగ జీవితంలో శిఖరం ఓ భద్రతా వారోత్సవం. మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం. హెల్మెట్, సేఫ్టీ బెల్ట్, ప్రతిజ్ఞ, సమోసా అనే వరుసలో సభ సాగుతుండగా సారు మైకు అందుకుని అయోమీ కథ మొదలుపెట్టాడు.

అయోమీకి అప్పుడు 17 ఏళ్లు. పని షీట్ మెటల్ ఫ్యాక్టరీలో. ఉద్యోగంలో అదే చివరి రోజు. మధ్యాహ్నం ఇంటికి భోజనానికొచ్చి ఇక వెళ్లనన్నాడు. పట్టిన పని సక్రమంగా ముగించి రమ్మని తల్లి పంపింది. ప్రెస్సు మీద పనిచేసే మనిషి ఆ పూట రాలేదు. అలవాటు లేని ఈ పిల్లాణ్ని దాని ముందు నిలబెట్టారు. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అంటించాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు. తర్వాత్తర్వాత తీగల్ని వదులు చేసి శ్రుతి దించాడు. 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ నాటికి అది ఒకటిన్నర మెట్టు కిందికి దిగింది. శ్రుతి దిగినకొద్దీ శబ్దం బరువెక్కింది. ప్రపంచంలోని హెవీ మెటల్ అంతా ఆ ఒక్క ప్రమాదం తర్వాతి సర్దుబాటేనని ముగించాడు సారు.

సభ నిశ్శబ్దమైంది. సమోసాల వైపు కూడా ఎవరూ చూడలేదు. వెనక వరుసలోంచి ఒక కాంట్రాక్టు కార్మికుడు లేచాడు.

“సారూ, గాయనకు కంపెన్సేషన్ ఎంతొచ్చింది?”

ప్రతి ఆల్బమ్ కవరూ అక్షరం వదలకుండా చదివిన మనిషి నోట మాట రాలేదు. ఆ ప్రశ్న తనకు ఎందుకు తట్టలేదా అని చాలా రోజులు మథనపడ్డాడు. బొగ్గుబాయి పక్కన పెరిగినవాడికి మొదట తట్టేది అదే.

ఇక ఇంటి సంగతి. మేడమ్ గారికి బ్లాక్ సబ్బాత్ గురించి తెలిసింది ఒక్కటే: 1982లో అమెరికాలో స్టేజీ మీద ఓజీ గబ్బిలం తల కొరికాడు. రబ్బరు బొమ్మ అనుకున్నాడనీ, తర్వాత రేబిస్ సూదులు వేయించుకున్నాడనీ సారు ఎంత వకాల్తా తీసుకున్నా, శాకాహారుల కుటుంబంలో అది చెల్లలేదు. ఓజీ బొమ్మ పూజగది గోడకు ఇవతలే ఆగిపోయింది.

క్యాసెట్ల కాలంలో ఓ సత్యనారాయణ వ్రతం నాడు జరిగింది కాలనీ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. పీటల మీద కూర్చునే ముందు టూ ఇన్ వన్‌లో సన్నగా ఘంటసాల భగవద్గీత పెట్టారు. అందులో ఆటో రివర్స్ ఉంది. అటువైపు ‘వార్ పిగ్స్’ ఉంది. ఆ పాట మొదట్లోనే విమానదాడి సైరన్ మోగుతుంది. అయ్యగారు గోదావరిఖని మనిషి. సైరన్ వినబడగానే రెండో షిఫ్టు టైమైందనుకున్నారు. అవతల ఇంకో ఇంట్లో వ్రతం ఉన్న సంగతి గుర్తొచ్చి, మిగిలిన కథంతా మూడు నిమిషాల్లో లాగించి హారతిచ్చేశారు. ప్రసాదం వేడిగా తిన్నామని వచ్చినవాళ్లు సంతోషించారు. మేడమ్ గారు మాత్రం సంతోషించలేదు.

ఇప్పుడు ఆవిడ అలవాటు పడిపోయారు. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు గడగడలాడితే, వంటింట్లోంచే “ఏమండీ, కొంచెం సౌండ్ తగ్గించండి!” అంటారు. సారు ఆ సమయంలో నిద్రలో ఉన్నా సరే.

కాలనీలో పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పే టీచరమ్మతో వచ్చిన పేచీ వేరు. బ్యాండు పేరే పేరుగా ఉన్న, వాళ్ల మొదటి ఆల్బమ్‌లోని మొదటి పాట వినిపించి, “ఇందులో వినిపించే రెండు స్వరాల మధ్య దూరాన్ని పాశ్చాత్యులు దయ్యపు స్వరం అనేవాళ్లమ్మా, విని వణికేవాళ్లు,” అన్నాడు సారు. ఆవిడ తంబూరా యాప్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని విన్నారు.

“షడ్జమం మీద ప్రతి మధ్యమం. మేళకర్తలు 72 ఉంటే 36కు ఇదే మధ్యమం. కళ్యాణి రాగంలో ఉన్నదీ ఇదే. పెళ్లిళ్లలో నాదస్వరం మీద వాయించేదాన్ని పట్టుకుని దయ్యమంటారేమిటండీ?”

సారు మూడు రోజులు స్పీకరు ముట్టలేదు. నాలుగో రోజుకు దారి దొరికింది. ఇప్పుడు ఏ పెళ్లిలో కళ్యాణి వినబడినా పక్కవాడి మోచేయి పొడిచి, “మనోళ్ల స్వరమే,” అంటున్నాడు.

గోదావరిఖనిలో ఆయనకో మిత్రుడున్నాడు, సింగరేణిలో రిటైరైన యూనియన్ మనిషి. బ్లాక్ సబ్బాత్ పాట ఒక్కటీ పూర్తిగా వినలేదు. అయినా ఆయనకు గట్టి అభిప్రాయం ఉంది. 2012లో బ్యాండు మళ్లీ కలిసినప్పుడు, ఇచ్చిన కాంట్రాక్టు సంతకం పెట్టదగ్గది కాదని బిల్ వార్డ్ పక్కకు తప్పుకున్నాడు. ఆయన లేకుండానే ఆల్బమ్, టూర్లు జరిగాయి. “కార్మికునికి అన్యాయం జరిగింది. మీ అయోమీ మేనేజ్‌మెంట్ మనిషి,” అంటాడు మిత్రుడు. 2011 సకల జనుల సమ్మెలో బావుల మీద నిలబడ్డ మనిషితో వేతన ఒప్పందాల గురించి వాదించడం సారు వల్ల కాదు.

2022 ఆగస్టు 8న కామన్వెల్త్ క్రీడల చివరి రోజు. మధ్యాహ్నం పి.వి. సింధు స్వర్ణం గెలిచింది, కాలనీ అంతా మిఠాయిలు పంచుకుని తొందరగా పడుకుంది. అర్ధరాత్రి దాటాక ముగింపు వేడుకలో నిఖత్ జరీన్, ఆచంట శరత్ కమల్ మన జెండా పట్టుకుని నడిచారు. చివరికి చెప్పాపెట్టకుండా అయోమీ, ఓజీ స్టేజీ మీదికొచ్చారు. ఎందుకంటే ఆ క్రీడలు జరిగింది బర్మింగ్‌హామ్‌లోనే. సారు అరిచిన అరుపుకు నైట్ డ్యూటీ సెక్యూరిటీ గార్డు టార్చి వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఏమైందంటే, “మన నిజామాబాద్ పిల్ల, మా ఓజీ ఒకే గ్రౌండుల,” అని కళ్లు తుడుచుకున్నాడు. గార్డు కూడా లోపలికొచ్చి కూర్చుని చివరిదాకా చూశాడు.

2025 జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్‌లో ఆ నలుగురూ 20 ఏళ్ల తర్వాత ఒక్క వేదిక ఎక్కారు. బిల్ వార్డ్ కూడా వచ్చాడు. యూనియన్ మిత్రుడు దాన్ని తన విజయంగానే లెక్కేసుకున్నాడు. పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేని ఓజీ సింహాసనం మీద కూర్చునే పాడాడు. సరిగ్గా 17 రోజులకు, జూలై 22న కన్నుమూశాడు.

సారు తలస్నానం చేసి వచ్చి వరండాలో కూర్చున్నాడు. మైల మనకెందుకుంటుందని మేడమ్ గారు అడగలేదు. పదకొండో రోజున పులిహోర కలిపారు. గబ్బిలం విషయం ఆ రోజుకు ఎత్తలేదు. టీ కొట్టాయన, యూనియన్ మిత్రుడు, టీచరమ్మ వచ్చి తిని వెళ్లారు.

నవ్వుకోవడానికి సబ్బాత్ సారు మంచి సరుకే. కానీ టౌన్‌షిప్ బతుకు తెలిసినవాళ్లు ఒక్క సంగతి ఒప్పుకుంటారు. ఇక్కడ ఇల్లు అలాట్‌మెంటు, పొరుగువాళ్లు అలాట్‌మెంటు; ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తే స్నేహాలు కూడా లారీ ఎక్కుతాయి. అరవై నిండితే క్వార్టర్ తాళం తిరిగిచ్చేయాలి. ఏ ఆర్డరుతోనూ కదలనిది మనిషికి ఒకటుండాలి. సారు దాన్ని ఇరవయ్యో ఏట ఎంచుకున్నాడు, ఇప్పటిదాకా మార్చలేదు. ఆ మాత్రం నిలకడ ఉన్న మనిషి పక్కింట్లో ఉండటం అదృష్టమే, మధ్యలో గోడ మందంగా ఉంటే.

మీ కాలనీలోనూ ఇలాంటి సారు ఒకాయన ఉండే ఉంటాడు, బ్యాండు పేరు వేరైనా. ఆదివారం పొద్దున తీరికుంటే వెళ్లి ఆయన చెప్పే కథ ఒకటి వినండి. ఓజీ గొప్పా డియో గొప్పా అని మాత్రం అడగకండి. అడిగితే మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే చేయాల్సి వస్తుంది.