బ్యాటరీ వాక్యానికి టీక

అవతారిక: సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో కుర్రాడు నా ఫోనుకు కొత్త బ్యాటరీ వేసి, వెనక మూతను బొటనవేళ్లతో నొక్కుతూ పలికిన వాక్యమిది. పాతది గ్యాసుతో ఉబ్బి ఫోనుకు గూని తెచ్చింది. బల్ల మీద పెట్టి వేలితో తాకితే బొంగరంలా తిరిగేది. ఇది పద్యం కాదు, యతిప్రాసలు వెతకవద్దు.

మూలం: "ఫుల్లుగా దించి ఫుల్లుగా ఎక్కించండి సార్, బ్యాటరీ మన్నుతుంది."

ప్రతిపదార్థం: ఫుల్లుగా దించి = ఫోను దానంతటదే ఆరిపోయేదాకా వాడి; ఫుల్లుగా = నూటికి నూరూ; ఎక్కించండి = ఛార్జింగు పెట్టి, ఆ సంగతి మరిచి నిద్రపొండి; సార్ = ఓ అమాయకుడా; బ్యాటరీ = ఇప్పుడే డబ్బిచ్చి కొన్న ఆ పలుచని పొట్లం; మన్నుతుంది = చాలాకాలం ఉంటుంది. 'మన్నులో కలుస్తుంది' అని శ్లేష. నాకు ఈ రెండో అర్థమే సమ్మతం.

తాత్పర్యం: స్పష్టం.

వ్యాఖ్య: ఎక్కించేది దేన్ని? కరెంటునని లోకం అనుకుంటుంది. నిజానికి ఎక్కేవి లిథియం అయాన్లు. బ్యాటరీలో ఒక పక్క కోబాల్ట్ ఆక్సైడ్ వంటి పదార్థం, మరో పక్క గ్రాఫైట్ ఉంటాయి. ఛార్జింగు పెట్టగానే అయాన్లు అటునుంచి బయల్దేరి, మధ్యనున్న ద్రవం దాటి, గ్రాఫైట్ పొరల నడుమ పూతరేకుల్లో బెల్లప్పొడిలా సర్దుకుంటాయి. ఎలక్ట్రాన్లకు ఆ ద్రవంలో దారి లేదు. అవి తీగ పట్టుకుని చుట్టూ తిరిగి రావాలి. ఫోను వాడుతున్నప్పుడు అన్నీ వెనుదిరుగుతాయి. చుట్టు తిరిగి పోయే ఎలక్ట్రాన్లే దారిలో మనకు సీరియళ్లు చూపిస్తాయి.

నూరు చేరేసరికి సెల్లు సాధారణంగా 4.2 వోల్టుల దగ్గర బిగుసుకుని ఉంటుంది. ఆ బిగువులో ద్రవం మెల్లగా చెడుతుంది, గ్రాఫైట్ మీద పేరుకునే పొర మందమై కొంత లిథియాన్ని తనలోనే బంధిస్తుంది. వేడి తోడైతే ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది. దిండు కింద ఛార్జింగు, మే నెలలో కారు డాష్‌బోర్డు మీద ఫోను: ఈ రెంటికీ మినహాయింపు లేదు.

పూర్వపక్షం: మరి కుర్రాడి మాటకు ప్రమాణం లేదా? ఉంది, కానీ వేరే శాస్త్రంలో. నికెల్-కాడ్మియం బ్యాటరీలను సగం సగం వాడుతూ పోతే ఆ సగానికే అలవాటుపడే గుణం వాటికుండేది. లిథియం బ్యాటరీ సోనీ చేతిమీదుగా 1991లో అంగడికొచ్చింది, పాత వాక్యం మాత్రం పోలేదు. కాబట్టి ఇది ప్రక్షిప్తం. లిథియానికి సగం సగమే హితం. 20 దగ్గర పెట్టి 80 దగ్గర తీస్తే చాలు. ఏబై చొప్పున రెండుసార్లు ఎక్కిస్తే ఒక్క ఆవృత్తిగానే లెక్క. ఇక సున్నాకు దించి నెలల తరబడి సొరుగులో పడేస్తే, మళ్లీ లేస్తుందన్న హామీ లేదు.

కోబాల్ట్ ఆక్సైడ్ దారి 1980లో చూపిన ద్రష్ట జాన్ గుడినఫ్. తొంభై ఏడో ఏట, 2019లో, మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు. గుడ్ ఇనఫ్, అనగా 'ఇంత చాలు'. ఉపదేశమంతా ఇంటిపేరులోనే ఉండగా మనం నూటి కోసం తెల్లవార్లూ ప్లగ్గు పీకం.

ఇన్వర్టరు విషయం వేరు. సీసం బ్యాటరీని దించి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. అది నిండుగానే ఉండాలి, డిస్టిల్డ్ వాటరూ తగ్గకూడదు.

పాఠాంతరం: "పూర్తిగా దించక, పూర్తిగా ఎక్కించక, వేడి తగలనీక." ఈ సవరణను కుర్రాడికి సవిస్తరంగా వినిపించాను. ఓపిగ్గా విన్నాడు.

"సరే సార్. స్క్రీన్‌గార్డ్ వేయమంటారా?"