కెర్నెల్ చెప్పిన చాడీ

2023 అక్టోబర్ 21న భూపాలపల్లి జిల్లాలో మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకు కుంగింది. ఎందుకు కుంగిందో చూడ్డానికి ఢిల్లీ నుంచి డ్యాం సేఫ్టీ వాళ్లు వచ్చారు. విజిలెన్స్ వచ్చింది. 2024 మార్చిలో జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ వచ్చింది. గడువు మీద గడువు పెంచుకుంటూ పోగా 2025 జూలై చివర్న నివేదిక వచ్చింది. దాని మీద అసెంబ్లీలో అర్ధరాత్రి దాటేదాకా మాటల యుద్ధం నడిచి, ఆఖరికి సీబీఐ పేరు బయటికొచ్చింది. ఈలోపు గోదావరిలో ఎన్ని నీళ్లు పోయాయో లెక్కలేదు. ఒకరి వేలు మాత్రం ఇంకా ఇంకొకరి వైపే ఉంది.

అదే జిల్లాలో ఏ కుర్రాడి పాత లాప్‌టాప్‌లోనో లినక్స్ లేస్తుంది. బయటి డ్రైవర్ ఏదైనా ఉంటే, లేచీ లేవగానే దాని గుండెకాయ లాంటి కెర్నెల్ తన చిట్టాలో ఒక వాక్యం రాసుకుంటుంది. ఫలానా డ్రైవర్ మాడ్యూల్ బయటి నుంచి వచ్చింది, దాన్ని లోపలికి రానిచ్చాను, నాకు మరక అంటింది అని. పేరుతో సహా, ఎన్నో సెకనులో జరిగిందో దాంతో సహా. దీనికి కమిషన్ అక్కర్లేదు, గడువు పెంపు అంతకంటే అక్కర్లేదు. ఇంత నిక్కచ్చి సాక్షి దొరికితే మనం చేసే సన్మానమేమిటి? "లినక్స్ ఖరాబైంది" అనడం.

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ మంగళం పాడింది. పదకొండుకు మీ పాత డబ్బాలు పనికిరావని కూడా చెప్పింది. జనగామలో జిరాక్సు సెంటర్ కంప్యూటరైనా, మహబూబాబాద్ హాస్టల్లో సెకండ్ హ్యాండ్ లాప్‌టాపైనా, కొత్తది కొనే స్తోమత లేకపోతే పైసా అడగని దిక్కు లినక్సే. ఎక్కించాక అన్నీ బాగుంటాయి, ఒక్క వైఫై తప్ప. బ్రాడ్‌కామ్ చిప్పు ఉంటే ఆ కంపెనీ డ్రైవర్ వేసుకోమంటారు. గ్రాఫిక్స్ కార్డుంటే ఎన్విడియా వాళ్లది. వేస్తారు, పని చేస్తుంది. ఎవడో యూట్యూబ్‌లో చెప్పాడని కెర్నెల్ చిట్టా చూపించే డీమెసేజ్ అనే ఆదేశం కొట్టి చూస్తారు. మరక మాట కనబడి గుండె గుభేలుమంటుంది.

అందులో కనిపించేది జబ్బు కాదు, హాజరు పట్టీ. డ్రైవర్ అనేది కెర్నెల్ కడుపులో కూర్చుంటుంది. మెమరీ మొత్తం దాని చేతికి అందుతుంది. అక్కడ కూర్చున్నవాడు చెయ్యి జారిస్తే యంత్రం మొత్తం నిలువునా కూలుతుంది. లినక్స్‌తో పాటు వచ్చే డ్రైవర్ల కోడ్‌ను ఎవరైనా చదివి తప్పు పట్టొచ్చు. కంపెనీ మూసిన డబ్బాలో పంపిన దాన్ని చదవలేరు. అందుకే కెర్నెల్ ఒక అంకె రాసి పెడుతుంది. ప్రొక్ కింద సిస్, దాని కింద కెర్నెల్, అందులో టెయింటెడ్ అనే ఫైలు తెరవండి. సున్నా ఉంటే మరక లేదు. 12289 కనబడితే జ్యోతిష్కుడి దగ్గరికి పరుగెత్తకండి, కూడిక చేయండి. మూసిన లైసెన్సుకు 1, కెర్నెల్ కోడ్ చెట్టుకు బయట పెరిగినందుకు 4096, సంతకం సరిపోనందుకు 8192. అంతే. మరక పడిందంటే నేరం రుజువైందని కాదు, రేపు కూలితే ముందు ఎవరిని అడగాలో తెలిసిందని. ఆ మాడ్యూల్ తీసేసినా రీబూట్ చేసేదాకా అంకె చెరగదు. కండువా మార్చగానే పాత కేసులు మాఫీ అయ్యే సౌకర్యం అక్కడ లేదు.

ఈ నిజాయితీ కంపెనీ దొరలకు ఎంత కంటగింపో 2004 ఏప్రిల్‌లో లోకానికి తెలిసింది. మోడెమ్ డ్రైవర్లు అమ్మే లినక్సాంట్ అనే కెనడా కంపెనీ తన లైసెన్సు గడిలో జీపీఎల్ (కోడ్ అందరికీ తెరిచి పెట్టే లైసెన్సు) అని రాసి, వెంటనే ఒక శూన్యాక్షరం పెట్టి, అసలు షరతులు దాని తర్వాత రాసింది. సీ భాషలో శూన్యాక్షరం దగ్గర వాక్యం అయిపోయినట్టే. పాపం కెర్నెల్ జీపీఎల్ దాకా చదివి, మనవాడే అనుకుని నోరు మూసుకుంది. పట్టుబడ్డాక కంపెనీ చెప్పిన సంజాయిషీ మరీ ముద్దొస్తుంది: పదే పదే వచ్చే హెచ్చరికలు చూసి వాడుకదారులు తికమక పడుతున్నారట! జనం మీద ఇంత ప్రేమ మన ఎన్నికల ప్రణాళికల్లో కూడా చూడలేదు.

ఇక ఎన్విడియా. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం సభలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ కంపెనీకి కెమెరా ముందే మధ్యవేలు చూపించి, పత్రికల్లో అచ్చు వేయలేని మాటన్నాడు. దాదాపు పదేళ్లకు, 2022 మే నెలలో, కంపెనీ తన కెర్నెల్ మాడ్యూళ్ల కోడ్‌ను బయటపెట్టింది. చప్పట్లు మోగాయి. అయితే ఆ మాడ్యూళ్లు ఇంకా కెర్నెల్ చెట్టుకు బయటే ఉన్నాయి, కీలకమైన పనులు కార్డులోకి ఎక్కే మూసిన ఫర్మ్‌వేర్‌లోకి చేరాయి. ఫలితం? 12289 ఉన్నచోట 12288. పదేళ్ల పోరాటానికి దక్కింది ఒక్క అంకె.

మూసిన వ్యవస్థల్లో ఈ గొడవే ఉండదు కదా అంటారు కొందరు. 2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ డ్రైవర్ విండోస్ కెర్నెల్‌లో కూర్చుని ఒక తప్పుడు ఫైలు చదివింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల యంత్రాలు నీలి తెరేశాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ రోజు తిట్లు తిన్నది ఎక్కువగా విండోసే. బయటివాడి తప్పుకు ఇంటివాడు తిట్లు తినడంలో మాత్రం రెండు వ్యవస్థలకూ తేడా లేదు.

కెర్నెల్ రాసేవాళ్లేమీ తక్కువ తినలేదు. హెచ్చరిక ఇస్తారు గానీ, చదివినవాడు ఏం చేయాలో అందులో ఒక్క ముక్క రాయరు. స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ల పుణ్యమా అని తెలుగులో మెనూలున్న లినక్స్ చూశాం, కెర్నెల్ మాత్రం ఎక్కడికెళ్లినా ఇంగ్లిషులోనే ఏడుస్తుంది. యంత్రం కూలితే, తెలిసినవాడు ఆ బయటి డ్రైవర్ తీసేసి, రీబూట్ చేసి, అదే తప్పు మళ్లీ వస్తుందా అని చూస్తాడు. వస్తే కెర్నెల్ వాళ్లకు రాస్తాడు, రాకపోతే కంపెనీని పట్టుకుంటాడు. తెలియనివాడు బజారుకు పోతాడు.

మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని రిపేర్ షాపులో నిలబడ్డాడనుకుందాం.

"అన్నా, గిదేందో కెర్నెల్ ఖరాబైనట్టు రాస్తున్నది. నెట్టయితే మంచిగనే వస్తుంది."

"వైరస్ తమ్మీ. లినక్స్ అంటే గంతే. మూడు వందలైతయి."

అన్న లాప్‌టాప్‌ను కౌంటర్ వెనక్కి తిప్పుకుని డీమెసేజ్ పక్కన పెద్ద సీ అక్షరం చేర్చి కొడతాడు. చిట్టా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ తెరిచి చూపిస్తే తెర మీద ఒక్క అక్షరం ఉండదు. కుర్రాడు పరమానందంగా ఫోన్‌పే కొడతాడు. టెయింటెడ్ ఫైలు తెరిచి చూసే ఓపిక ఇద్దరికీ లేదు గానీ, అందులో 12289 అలాగే ఉంది.