ఖండాంతర వడ్డన

స్కూలు పుస్తకాల్లో ఆసియా చాలా పెద్ద ఖండం. టర్కీ దగ్గర మొదలై జపాన్ దాకా పోతుంది. మధ్యలో అరబ్బులుంటారు, ఇరానీలుంటారు, రష్యా నేలలో ఎక్కువ భాగం ఉంటుంది, మనమూ ఉంటాం. జూబ్లీహిల్స్‌లో మాత్రం ఆసియా బ్యాంకాక్‌లో మొదలై టోక్యోలో అయిపోతుంది. దాన్ని 'పాన్ ఏషియన్' అంటారు. బిర్యానీ తిని ఇరానీ చాయ్ తాగి పెరిగిన ఊళ్ళో నిలబడి, ఆసియా వంటంటే మీది కాదు నాయనా అని చెప్పడానికి గుండెధైర్యం కావాలి. ఆ ధైర్యానికయ్యే అద్దె, ఏసీ, వెదురుబొంగుల అలంకరణ ఖర్చు అన్నీ మన బిల్లులోంచే వెళతాయి కాబట్టి వాళ్ళకు ధైర్యం చాలానే ఉంది.

ఒకప్పుడు మనకింత భూగోళం అవసరపడేది కాదు. చైనీస్ అంటే సరిపోయేది. సికింద్రాబాద్ నాన్‌కింగ్ లాంటి పాత పేర్లు చెబితే ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళ మొహాలు వెలుగుతాయి. స్వీట్‌కార్న్ సూప్ వన్ బై టూ, ఒక ఫ్రైడ్ రైస్, పచ్చిమిరపకాయ ముక్కలు తేలే వెనిగర్ గిన్నె. అక్కడితో మన చైనా యాత్ర పూర్తి. ఇక మంచూరియా సంగతి సరేసరి. చైనాలోని మంచూరియాకు దాంతో ఏ సంబంధమూ లేదు. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబయి క్రికెట్ క్లబ్‌లో ఎవరో కొత్తగా ఏదైనా చేసిపెట్టమంటే, మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలాకు బదులు సోయాసాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచి కోడి ముక్కలు వేశాడని చెబుతారు. అదే గోబీ వేషం కట్టి మన పెళ్ళిభోజనాల్లోకి వచ్చి, పులిహోర పక్కన నిర్భయంగా కూర్చుంది. ఆ వంటకం పేరులో అబద్ధముంది గానీ రుచిలో లేదు. వండేవాడికి తెలుసు, తినేవాడికి తెలుసు, ఎవరికీ పేచీ లేదు. ఇప్పటి కొత్త చోట్ల అబద్ధాలాడరు. 'అథెంటిక్' అంటారు.

మొన్న మా బావమరిదికి ప్రమోషన్ వచ్చింది. పార్టీ ఇస్తానన్నాడు. వాడు, వాడి భార్య, నేను, మా ఆవిడ, మా అత్తగారు. తలుపు తీయగానే లోపలున్న పదిమందీ ఒక్కసారిగా "ఇరాషైమాసే!" అని అరిచారు. అత్తగారు ఉలిక్కిపడి మా ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"ఏమంటున్నారే?"

"లోపలికి రమ్మంటున్నారమ్మా."

"వచ్చాంగా. అంత అరవడం దేనికీ?"

జపాన్‌లో అలా అరవడం ఆనవాయితీయే, కాదనను. అయితే అక్కడ అరిచినవాళ్ళే వచ్చి కూర్చోబెడతారు. ఇక్కడ అరవడం ఒక డిపార్ట్‌మెంటు, కూర్చోబెట్టడం ఇంకో డిపార్ట్‌మెంటు. ఆ రెండోది ట్యాబ్‌లో మొహం పెట్టి, సగం బల్లలు ఖాళీగా ఉన్న హాల్లో మనకు చోటుందో లేదో చాలాసేపు వెతికింది.

మా బల్లకు కిమోనో లాంటి కోటు తొడుక్కున్న ఒక కుర్రాడొచ్చాడు. మా బావమరిది ఉత్సాహంగా "యూ ఫ్రమ్ జపాన్?" అన్నాడు. "దిమాపూర్ సార్" అన్నాడు కుర్రాడు. "థాయ్‌లాండా?" అన్నాడు మావాడు. "నాగాలాండ్ సార్. ఇండియానే" అని ఆ అబ్బాయి తెలుగులో చెప్పాడు. రోజుకు ఎన్నిసార్లు చెబుతాడో, ఆ వాక్యం చాలా అరిగిపోయి ఉంది.

ఆ అబ్బాయిని అక్కడ పెట్టింది మొహం చూసి. అందులో దాపరికమేమీ లేదు. ఇలాంటి చోట్ల హాల్లో ఈశాన్యం నుంచీ డార్జిలింగ్ నుంచీ వచ్చిన పిల్లలే ఎందుకు ఎక్కువగా ఉంటారో యజమానికి తెలుసు, మనకీ తెలుసు. కిమోనో వేస్తే జపాను, ఎర్రచొక్కా వేస్తే చైనా. వాళ్ళ మొహం కావాలి గానీ వాళ్ళ కూడు అక్కర్లేదు. నాగాలాండ్‌లో సోయా గింజల్ని పులియబెట్టి అఖుని చేస్తారు. పొగబెట్టిన పంది మాంసంలో వేసి వండుతారు. వెదురు చిగుళ్ళతో కూరలున్నాయి. జపాన్‌వాళ్ళు అదే సోయాను పులియబెట్టి మిసో అంటే మెనూలో రెండు పేజీలు. దిమాపూర్‌వాళ్ళు పులియబెడితే, వాసనొస్తోందని అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు.

నీళ్ళ దగ్గర మొదటి పరీక్ష ఎదురైంది. "స్టిల్ ఆర్ స్పార్క్లింగ్?" "మామూలు నీళ్ళు బాబూ" అన్నాను. మామూలు అన్న మాటకు మెనూలో ధర లేదు కాబట్టి కుర్రాడు ఇబ్బందిపడ్డాడు. ఈలోగా నల్లకోటు వేసుకున్న స్టీవార్డు వచ్చి సీసా మూత తిప్పేశాడు. మూత తిప్పాక ఇక చర్చలుండవు. హోటళ్ళు సీసా నీళ్ళకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. మీరు కొంటున్నది సీసానొక్కటే కాదు, కుర్చీని, చల్లగాలిని, వాతావరణాన్ని కూడా అని దాని భావం. మా బల్ల మీద వాతావరణం బాగా చీకటిగా ఉంది. అత్తగారు ఫోన్ టార్చి వేసుకుని మెనూ చదివారు.

"మా దగ్గరికి ఫస్ట్ టైమా సార్? అయితే కాన్సెప్ట్ చెప్తాను" అన్నాడు స్టీవార్డు. అన్నం పెట్టే చోట కాన్సెప్ట్ ఏమిటా అని భయపడుతూనే విన్నాం. ఏది ముందు తయారైతే అది ముందొస్తుందట. ఫ్రైడ్ రైస్ ముందు, దాంతో తినాల్సిన కూర అది అయిపోయాక, స్టార్టర్లు అన్నిటికంటే చివర వచ్చాయి. వంటింట్లో జరిగే ఆలస్యానికి ఇంత అందమైన పేరు పెట్టినవాడు ఎవడో గానీ ప్రభుత్వంలో ఉండాల్సినవాడు.

అన్నీ పంచుకు తినే ప్లేట్లేనట. బాగుంది, మనదీ పంచుకు తినే జాతే. కానీ డిమ్‌సమ్ బుట్టలో ఎప్పుడూ నాలుగే ఉంటాయి. మేం అయిదుగురం. అల్లుణ్ణి కాబట్టి ముందు నాకే వేశారు. పెద్దావిడ కాబట్టి అత్తగారికి రెండోది. పార్టీ ఇచ్చేవాడికి మూడోది. మిగిలిన ఒక్కదాన్ని వదినా మరదళ్ళు "నువ్వు తిను, నువ్వు తిను" అనుకుంటుంటే చల్లారిపోయింది. చివరికి మా ఆవిడ చాప్‌స్టిక్‌తో సగానికి చీల్చబోయింది. లోపలి రసమంతా బల్ల మీదికి పారింది. "ఇంకో బుట్ట తెప్పిస్తా" అన్నాడు మా బావమరిది. అదొస్తే ఎనిమిదవుతాయి, మూడు మిగులుతాయి, మళ్ళీ మొదటికొస్తుంది. అయిదుగురు వస్తే అయిదు పెట్టొచ్చు కదా అని అడిగాను. "పోర్షన్ ఫిక్స్‌డ్ సార్" అన్నాడు స్టీవార్డు.

ఇక చాప్‌స్టిక్స్. అన్నిటికీ అవే. థాయ్ గ్రీన్ కర్రీ, అన్నం తెచ్చి పక్కన చాప్‌స్టిక్స్ పెట్టారు. థాయ్‌లాండ్‌లో అన్నం చెంచాతో తింటారు. ఫోర్క్‌తో చెంచాలోకి నెట్టుకుంటారు. పుల్లలు వాళ్ళకు నూడుల్స్ పూటే గుర్తొస్తాయి. సుషీ అయితే మరీ విచిత్రం. జపాన్‌లో దాన్ని చేత్తో తింటే ఎవరూ తప్పుపట్టరు, అసలు పాత పద్ధతే అది. ఆ సంగతి తెలియకపోయినా మా అత్తగారు కీరదోసకాయ రోల్‌ను మూడు వేళ్ళతో ఒడుపుగా తీసి నోట్లో పెట్టుకున్నారు. ఆ హాలు మొత్తంలో సుషీని సుషీలా తిన్నది ఆవిడొక్కరే. స్టీవార్డు పరుగున వచ్చాడు.

"మేడమ్, చాప్‌స్టిక్స్ ట్రై చేయండి. అథెంటిక్‌గా ఉంటుంది."

"నాకు చేతులున్నాయి బాబూ" అన్నారావిడ.

పక్కనున్న ఆకుపచ్చ ముద్ద గురించి కూడా అతను ఉపన్యాసమిచ్చాడు. వసాబి, జపాన్ స్పెషల్, జాగ్రత్త అని. అసలు వసాబి చల్లటి కొండవాగు నీళ్ళల్లో పెరిగే మొక్క. దాని కాడను అప్పటికప్పుడు తురుముకోవాలి, కాసేపుంటే ఘాటు పోతుంది. అంత శ్రమ, అంత ధర ఎవడు పడతాడని లోకంలో చాలాచోట్ల హార్స్‌రాడిష్ దుంపలో ఆవపిండి కలిపి ఆకుపచ్చ రంగు వేసి పెడతారు. ముక్కులోకి ఘాటు ఎక్కగానే అత్తగారు "ఆవఘాటే" అని తేల్చేశారు. ఆవకాయ పెట్టే చేతికి ఎవరు చెప్పాలి?

ఇంతలో మంచినీళ్ళు కావాల్సొచ్చింది. దిమాపూర్ అబ్బాయిని ఇంకో మూడు బల్లలకు తోలేశారు. అరవడానికి ఉన్న పదిమందీ మళ్ళీ తలుపు దగ్గరే ఉన్నారు. టికెట్ వెనక రాసిచ్చిన చిల్లర కోసం ఆర్టీసీ కండక్టర్ వైపు చూసినట్టు మేమందరం హాలు వైపు చూస్తూ కూర్చున్నాం. కొరియాలో చాలా హోటళ్ళలో బల్లకే బెల్లు బిగించి ఉంటుంది. నొక్కితే మనిషొస్తాడు. కిమ్చీతో పాటు ఇచ్చే చిన్నచిన్న కూరల గిన్నెలు అయిపోతే మళ్ళీ పెడతారు, వాటికి డబ్బు తీసుకోరు. జపాన్‌లో కూర్చోగానే నీళ్ళో టీయో ఊరికే ఇస్తారు, చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలిస్తారు, టిప్ మాత్రం తీసుకోరు. చిల్లర వదిలేసి వెళితే మర్చిపోయారనుకుని వెనకాలే పరుగెత్తుకొస్తారు. బ్యాంకాక్ నూడుల్స్ బండి మీద కూడా కారం, పంచదార, చేప రసం, వెనిగర్ సీసాలు వరసగా ఉంటాయి, ఎంత కావాలంటే అంత వేసుకోవచ్చు. మా బల్ల మీద ఇంకొంచెం చిల్లీసాస్ అడిగితే బిల్లులో విడిగా పడింది. మొత్తానికి ఆసియా నుంచి వంటలు తెచ్చారు, గిన్నెలు తెచ్చారు, కేకలు కూడా తెచ్చారు. వడ్డించే మర్యాద మాత్రం కస్టమ్స్‌లో ఆగిపోయినట్టుంది.

అన్యాయంగా మాట్లాడకూడదు, సింగపూర్ నుంచి మాత్రం ఒకటి ఉన్నదున్నట్టు తెచ్చారు. పది శాతం సర్వీస్ ఛార్జి.

మన దగ్గర దీనికో చరిత్రే ఉంది. బిల్లులో దానంతటది సర్వీస్ ఛార్జి కలపకూడదనీ, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదనీ, ఇవ్వడం ఇవ్వకపోవడం కస్టమర్ ఇష్టమనీ కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులై 4న చెప్పింది. ఆ నెలలోనే రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న అదే కోర్టు, అథారిటీ చెప్పిందే రైటని ఆ సంఘాలకు చెరో లక్ష ఖర్చులు వేసింది. వాళ్ళు అప్పీలుకు వెళ్ళారు. ఆ లక్ష ఏ పద్దులో రాసుకున్నారో గానీ, మా బిల్లులో ఆ గీత చెక్కుచెదరలేదు. దాన్ని కలుపుకున్న మొత్తం మీద జీఎస్టీ కూడా వేశారు.

"ఇది తీసేయండి" అన్నాను. స్టీవార్డు మేనేజర్‌ను పిలిచాడు. అప్పటిదాకా నీళ్ళకు దొరకని మనుషులు అప్పుడు ముగ్గురొచ్చారు.

"ఆప్షనలే సార్" అన్నాడు మేనేజరు చిరునవ్వుతో.

"అందుకే వద్దంటున్నా."

"సర్వీస్‌లో ఏమైనా ప్రాబ్లమా సార్? మా అబ్బాయేమైనా తప్పు చేశాడా?"

అందరూ దిమాపూర్ అబ్బాయి వైపు చూశారు. ఆ అబ్బాయి చేతిలో ఖాళీ ప్లేట్లున్నాయి. మేం వద్దంటున్నది యజమాని పద్దు, బోనెక్కింది మాత్రం పళ్ళెం మోసినవాడు. ఎంత గొప్ప ఏర్పాటు! ఆ పది శాతంలో నీకెంత వస్తుందని తర్వాత అతన్నే అడిగాను. "తెలీదు సార్" అన్నాడు, మేనేజర్ ఎక్కడున్నాడో చూసుకుని. నోటు మడిచి అతని చేతిలో పెట్టబోతే, టిప్స్ అన్నీ కౌంటర్ దగ్గర డబ్బాలో వేయాలన్నాడు.

"వదిలేయ్ బావా, ప్రమోషన్ పార్టీ, గొడవెందుకు" అన్నాడు మా బావమరిది. "అవునన్నయ్యా, అందరూ చూస్తున్నారు" అంది వాడి భార్య. వాడు కార్డు ఇచ్చేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915, గుర్తుపెట్టుకోవడం తేలిక అని వాడికి చెప్పాను. "చేస్తా బావా, చేస్తా" అంటూ అప్పుడే ఫోన్ తీశాడు. కారు తెచ్చే కుర్రాడి కోసం నిలబడ్డప్పుడు ఏం చేస్తున్నాడా అని పక్కనుంచి చూశాను. మా అయిదుగురి ఫొటో, పగిలిన డిమ్‌సమ్ కనబడకుండా కత్తిరించి పెట్టాడు. కింద ఇలా రాశాడు: 'అమేజింగ్ ఫుడ్, సూపర్ సర్వీస్.' స్టీవార్డు అప్పటికే లైక్ కొట్టాడు.